మింగిన నీళ్ళు

ఫిబ్రవరి 4

ప్రణీత్ ఈ రోజు కూడా అందరి ముందే ఉబ్బసం మందు పీల్చాడు.

పొద్దున టిఫిన్ దగ్గర. ఇడ్లీ పళ్ళెం పక్కకు జరిపి, జేబులోంచి పంపు తీసి, నాలుగుసార్లు ఊపి, నోట్లో పెట్టుకుని లోపలికి లాగాడు. ఊపిరి బిగబట్టి కళ్ళు మూసుకున్నాడు. అంతసేపూ ఇంట్లో ఎవరూ నోరు మెదపలేదు. మామ చేతిలో చెంచా కూడా మెల్లగా కింద పెట్టాడు, చప్పుడవుతుందని. అత్తమ్మ గోరువెచ్చని నీళ్ళ గ్లాసుతో పక్కనే నిలబడింది. అల్లుడుగారు వాష్‌బేసిన్ దగ్గరికి పోయి గరగరా పుక్కిలించి ఉమ్మేదాకా అక్కడే ఉంది.

"ఇంకో రెండు ఇడ్లీలు ఏస్కోండ్రి అల్లుడు. ఉత్త కడుపుతోని బ్యాంకుకు పోతరా?" అంది.

చిన్నల్లుడికి "ఏస్కోండ్రి". నాకు "తిన్నవా?" మామ కూడా అంతే. ప్రణీత్‌ను మీరు అంటాడు, నన్ను నువ్వు అంటాడు. నేను ఆయన అక్క కొడుకును, ధూళిమిట్ట నుంచి ఇల్లరికం తెచ్చుకున్నాడు, చిన్నప్పుడు ఎత్తుకున్నవాణ్ణి మీరు అంటే బాగుండదు, అదంతా నాకు తెలుసు. పెళ్ళయినప్పటి నుంచి మిర్చి దుకాణం నా నెత్తి మీదే నడుస్తోంది. దీపావళికి ట్రాన్స్‌ఫర్ మీద సిద్దిపేట వచ్చి పైఅంతస్తులో దిగినవాడికి గోరువెచ్చని నీళ్ళు.

నాకెవరూ గ్లాసు పట్టుకుని నిలబడరు. ఎట్లా నిలబడతారు, నా పంపు సంగతి ఎవరికీ తెలియదు కదా. అది గోదాములో మిర్చి బస్తాల వెనక పాత త్రాసు పెట్టెలో ఉంది. రంగు కూడా వాడిదానిలాగే ఉంటుంది.

ఇది కుళ్ళు కాదు. జరిగింది రాసుకుంటున్నాను.

ఫిబ్రవరి 5

పొద్దున మళ్ళీ వాంతి. ఉత్త పసరు. ఎవరికీ వినబడకుండా నల్లా తిప్పి పెట్టాను.

ఫిబ్రవరి 8

ఆదివారం, మటన్. మూలుగ బొక్క మామ స్వయంగా తీసి ప్రణీత్ పళ్ళెంలో వేశాడు. ఆ బొక్క ఎప్పుడూ నాకు పడేది. నేను అడిగి వేయించుకున్నది కాదు, ఇంటి పద్ధతి అది. నా మరదలు సాయిప్రియ తన మొగుడు బొక్క జుర్రుతుంటే మురిసిపోయి చూస్తోంది. బొక్క జుర్రడంలో మురిసిపోయేంత విద్య ఏముందో నాకు తెలియలేదు.

నాకు వేసినా తినలేకపోయేవాణ్ణి, అది వేరే సంగతి. నాలుక మీద తెల్లగా పూత పట్టింది, పెరుగు ఎండినట్టు. గోకితే మంట. కారం తగిలితే ప్రాణం పోతోంది. మిర్చి వ్యాపారికి కారం పడకపోవడం ఎవరికైనా చెప్పుకునే మాటేనా? పెరుగన్నం కలుపుకున్నాను. నాలుగు ముద్దలకే కడుపు ఉబ్బి పెద్ద తేన్పు వచ్చింది.

"ఏంది గజేందర్, రాత్రి ఎక్కువైందా?" అన్నాడు మామ. అందరూ నవ్వారు. నా భార్య ఉష నవ్వలేదు.

ప్రణీతూ నేనూ పీల్చేది ఒకటే మందు. వాడికి ఆకలి, నాకు వికారం. వాడు మెట్లెక్కుతూ పాట పాడతాడు, నేను మెట్లు దిగుతూ కడుపు పట్టుకుంటాను. మందు పెట్టెలో ఉన్న కాగితం చదివాను. కొందరికి వికారం, కడుపులో ఇబ్బంది, నోట్లో పుండ్లు రావచ్చని రాసి ఉంది. ఆ కొందరిలో నన్ను వేసి వాణ్ణి వదిలేశారు.

ఫిబ్రవరి 11

మామ ఈ రోజు గల్లా మీద కూర్చుని, గిరాకీ లేని టైములో, మామూలుగా అన్నట్టు అన్నాడు.

"ఉగాది నాడు గల్లా తాళం ఒకరి చేతిల వెడ్త. నాతోని గాదిగ."

ఒకరి చేతిలో అట. నిరుడైతే "నీ చేతిల" అనేవాడు. మొన్న ప్రణీత్ బ్యాంకు పని విసుగొస్తోందని, సొంత వ్యాపారంలో ఉన్న సుఖం వేరని అన్నాడు. అన్నప్పుడు మామ ముఖం నేను చూశాను.

"ఆయనకు దమ్ము కద మామా" అన్నాను, వాడి ఉబ్బసానికి జాలిపడుతున్నట్టు.

"గిప్పటి మందులు మంచిగున్నైలే. పంపు పీలుస్తుండు, గుర్రం లెక్క తిరుగుతుండు."

ఇదే మామ, హమాలీ మల్లయ్యకు ఆయాసం మొదలైనప్పుడు ఏమన్నాడు? దమ్మున్నోనికి మిర్చి దుకాణం వశం కాదు, గిరాకీ ముందట ఎగపోస్తే మన సరుకు మీద అనుమానం వస్తదన్నాడు. ఆటో మాట్లాడి వాళ్ళ ఊరు ఎర్రవల్లికి పంపేశాడు. బస్తా ఎత్తితే రెండోవాడి సాయం అడగనివాణ్ణి పంపేశాడు. ఆటో ఎక్కించింది నేనే. ఆ తర్వాత రెండేళ్ళకు నా ఛాతీలో పిల్లికూత మొదలైతే, సిద్దిపేటలో ఎవరైనా చూస్తారని గజ్వేల్ పోయి చూపించుకున్నాను. బాకీ వసూలుకు పోతున్నానని చెప్పి పోయాను.

ఆ డాక్టరు చెప్పింది గుర్తుంది. పీల్చిన ప్రతిసారీ నోట్లో నీళ్ళు పోసుకుని, గొంతు దాకా పుక్కిలించి ఉమ్మెయ్యాలి అన్నాడు. ఆయనకేం, చెప్పి కూర్చున్నాడు. మా దుకాణంలో ఉమ్మి పడకూడదు. గల్లా ఉన్న జాగలో లక్ష్మి కూర్చుంటుందని మామ నియమం. గోదాములో పడకూడదు, గడప ముందు పడకూడదు. పాన్ నమిలే గిరాకీ వస్తే చేయి పట్టుకుని రోడ్డు అవతలికి తీసుకుపోయి ఉమ్మించి తీసుకొస్తాడు. రెండు పూటలా నేను పోయి రోడ్డు మీద గరగరలాడిస్తే ఎదురు దుకాణం వాళ్ళు ఏమైందని అడగరా? ఇంట్లో అయితే ఇంకా కష్టం, అత్తమ్మ చెవులు పాముచెవులు.

అందుకని పుక్కిలించిన నీళ్ళు మింగేస్తాను. మందే కదా, విషమా? డబ్బు పెట్టి కొన్న మందును మోరీలో ఉమ్మడం నాకు మొదటి నుంచీ నచ్చలేదు. లోపలికి పోతే ఇంకాస్త పనిచేస్తుంది.

ఫిబ్రవరి 14

బాలమణి తమ ఇంట్లో పెళ్ళికి సరుకు కొనడానికి వచ్చింది. ఏటా మిర్చి మా దగ్గరే కొంటుంది. నోటి నిండా మాట్లాడే మనిషి. ఎండుమిర్చి విరిచి చూపిస్తుండగా నాకు తేన్పు వచ్చింది, దాని వెనకే ఇంకొకటి. పుల్లటి వాసన నాకే తెలిసింది. గబగబా ఇలాచీ నోట్లో వేసుకున్నాను.

"ఏం గజేందరన్నా, పొద్దుగాల్నే మొదలువెట్టినవా?" అంది, చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని.

మామ గల్లా మీద నుంచి తలెత్తాడు. నా కాళ్ళ దగ్గర రెండు ఖాళీ సోడా సీసాలున్నాయి. కడుపు మంటకు తాగుతాను. జేబులో ఇలాచీ, సోంపు. సాయంత్రం పూట గోదాములోకి పోయి కాసేపు కనబడను. పొద్దున వాంతులు. తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అంటారు. నేను ఆ పాలకు సోడా కూడా కలుపుకున్నాను.

ఫిబ్రవరి 15

మామ ఈ రోజు నన్ను వసూళ్ళకు పంపలేదు. సెలవు రోజు కదా అని ప్రణీత్‌ను వెంటబెట్టుకుని పోయాడు.

ఫిబ్రవరి 18

ఉష అడిగింది. బట్టలు మడతపెడుతూ, తలెత్తకుండా.

"బావా, నిజం చెప్పు. తాగుతున్నవా?"

 లేదన్నా నమ్మదు, నోటి వాసన అట్లా ఉంది. ఉబ్బసం అని చెబితే నమ్ముతుంది, కానీ రేపటికి అత్తమ్మకు తెలుస్తుంది, ఎల్లుండికి మామకు. తాగే అల్లుళ్ళు ఏ వీధిలో లేరు? వాళ్ళకు దుకాణాలున్నాయి, మర్యాదలున్నాయి. మంచోడే, కొంచెం తాగుతాడంటారు. ఉబ్బసం వాణ్ణి మాత్రం ఆటో ఎక్కిస్తారు. చిన్నల్లుడైతే ఎక్కించరు. నేనైతే ఎక్కిస్తారు. నా లెక్క నాకుంది.

నేను మాట్లాడకపోయేసరికి ఉష మడతపెట్టిన చొక్కా విప్పి మళ్ళీ మడతపెట్టింది.

ఫిబ్రవరి 22

కొమురవెల్లి మల్లన్న గుడికి పోయి వచ్చాం, ఇంటిల్లిపాదీ. రాయాలంటే చేయి ఆడటం లేదు. అయినా రాస్తాను.

పట్నం వేయించాం, దేవుడి ముందు రంగుల ముగ్గు. జనం, డోళ్ళు, పసుపు. బండారి, అంటే మల్లన్న పసుపు, చల్లే టైముకు ప్రణీత్ దస్తీ ముక్కుకు కట్టుకుని ఏ మాత్రం సిగ్గు లేకుండా అన్నాడు, "మామా, నాకు పసుపు దుమ్ము పడది. నేను గా అరుగు మీద కూసుంట" అని. ఎవరో ముసలామె లేచి జాగ ఇచ్చింది. అత్తమ్మ నీళ్ళ సీసా పట్టుకుని వెనకే పోయింది. పూజ వదిలేసి పోయింది!

నేను ముందు వరుసలో నిలబడ్డాను. పెద్దల్లుడు నిలబడాల్సిన చోటు అది. బండారి గుప్పిళ్ళతో చల్లుతుంటే కళ్ళు తెరిచే నిలబడ్డాను. చూడండి, ఎవడు నిలబడ్డాడో చూడండి అని నాలో నేను అనుకున్నాను. ఎవరూ చూడలేదు. మామ అరుగు వైపు చూస్తున్నాడు, చిన్నల్లుడికి ఎట్లా ఉందోనని.

పొద్దున పీల్చి మింగిన మందు కడుపులో తిరగడం మొదలుపెట్టింది. ఆ పసుపు, ఆ ఉడుకు. టెంకాయల దుకాణాల వెనక్కి పరుగెత్తి కక్కుకున్నాను. తలెత్తేసరికి మామ.

"మల్లన్న జాగల గూడ తాగొస్తివా?"

మామ గొంతు పెంచలేదు. అరిచి ఉంటే బాగుండేది. పళ్ళెంలోంచి చిటికెడు బండారి తీసి నా అరచేతిలో పెట్టి, పిడికిలి మూశాడు. 

"మా అక్కకు మాటిచ్చి తెచ్చుకున్న నిన్ను. గిది వట్టుకొని చెప్పు. ఇగ ముట్టనని చెప్పు."

ఒక్క మాట. ఇది తాగుడు కాదు మామా, ఉబ్బసం మందు పడక కక్కుకున్నా అంటే సరిపోయేది. నోటి దాకా వచ్చింది. మామ భుజం మీదుగా అరుగు కనబడుతోంది. అత్తమ్మ చెంగుతో ప్రణీత్‌కు విసురుతోంది.

"ముట్టను" అన్నాను.

అబద్ధమేమీ కాదు. ముట్టనిదాన్ని ముట్టనని ఒట్టు పెడితే దేవుడికి నష్టమేంటి? మామ నన్ను కావలించుకున్నాడు. ఉష కొంచెం దూరంలో నిలబడి రెండు చేతులూ జోడించి ఏడుస్తోంది. ఉగాది దాకా ఆదివారాలు ఒక్కపొద్దు ఉంటానని అక్కడే మొక్కుకుంది, నేను మాట మీద నిలబడాలని.

దారి పొడుగునా కారులో ముందు సీటు నాకే ఇచ్చారు.

ఫిబ్రవరి 24

రెండు రోజులుగా తేన్పులు ఆగలేదు. మామ నా వైపు చూసినప్పుడల్లా ఇలాచీ మింగుతున్నాను. ఈ లెక్కన రేపో మాపో ఒట్టు తప్పిన తాగుబోతునవుతాను. తాగుబోతు కన్నా అది హీనం.

మందు బంద్.

ఫిబ్రవరి 28

కడుపు తేలికైంది. నాలుక పూత పల్చబడింది. పొద్దున ఉష సర్వపిండి చేసింది, నువ్వులు బాగా దట్టించి. రెండు తిన్నాను. ఆమె నా పక్కనే కూర్చుని తినేదాకా చూసింది. ఈ మధ్య అట్లా కూర్చోలేదు.

"మానిండు" అని మామ దుకాణంలో అందరికీ చెబుతున్నాడు. మానడం ఇంత గౌరవమని తెలిస్తే ముందే తాగేవాణ్ణి.

మార్చి 3

మెట్లెక్కుతుంటే మధ్యలో ఆగాను. చెప్పు తెగినట్టు వంగి చూసుకున్నాను.

మార్చి 6

ప్రణీత్ దుకాణంలో కంప్యూటర్ పెట్టాడు. లంచ్ టైములో బ్యాంకు నుంచి వచ్చి వైర్లు బిగించాడు. బిల్లు చిటికెలో చప్పుడు చేసుకుంటూ బయటికి వచ్చింది. మామ ఆ కాగితాన్ని వెలుతురుకు పెట్టి చూశాడు, ఇటు తిప్పి, అటు తిప్పి. "నోటితోని లెక్క జెప్పేటోళ్ళ కాలం పోయింది గజేందర్" అన్నాడు. నోటితో లెక్క చెప్పేది నేనే.

కడుపు మండింది. ఈసారి మందు వల్ల కాదు.

ప్రణీత్ పోయాక మామ పక్కన కూర్చున్నాను. ఏం మాట్లాడాలో ముందే అనుకున్నానని రాయను. మాటలు వాటంతటవే వచ్చాయి.

"మామా, ప్రణీత్ సంగతే రంధిగున్నది. సీజన్ల మిర్చి లారీ దిగితే గీ దుమ్ముల ఎట్ల కూసుంటడు? రేపు ఏమన్న అయితే సాయిప్రియ మొకం మనం చూడగల్గుతమా?"

"పంపు ఉన్నది గద."

"మల్లయ్య గూడ మందులు వాడిండు. మనమే పంపితిమి. హమాలీకో న్యాయం, అల్లునికో న్యాయమా? నలుగురు ఏమంటరు?"

మామ బిల్లు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"నువ్వన్నది నిజమే. నేను మొకమాటానికి వోయిన. దమ్మున్నోనికి మిర్చి దుకాణం వద్దు. ఎవరైన సరే వద్దు. అల్లునికి నేనే జెప్త."

గెలిచాను. ఇన్ని నెలల తర్వాత మొదటిసారి గెలిచాను. లేవబోతే ఛాతీలో పిల్లి కూసింది. మిర్చి ఘాటు అని దగ్గాను.

మార్చి 11

కొత్త పంట లారీ వచ్చింది. మామ భోజనానికి పోయాడు. హమాలీలు బస్తాలు దింపుతుంటే నేను గోదాములో లెక్క పెడుతున్నాను. ఒక బస్తా జారి పగిలింది. ఎర్రగా లేచింది దుమ్ము.

ఊపిరి లోపలికి పోయింది, బయటికి రాలేదు. అట్లా ఎప్పుడూ కాలేదు. బస్తాల మీద చేతులు పెట్టి వంగాను. హమాలీలు బయట లారీ దగ్గర ఉన్నారు, పిలుద్దామంటే గొంతులో మాట లేదు. చచ్చిపోతానని అనిపించింది, ఉష ఆదివారాలు వృథా అని కూడా అనిపించింది.

ప్రణీత్ కంప్యూటర్ చూడటానికి వచ్చాడట. దస్తీ కట్టుకుని లోపలికి వచ్చాడు. నన్ను చూసి ఒక్క ప్రశ్న అడగలేదు. జేబులోంచి నీలం పంపు తీశాడు, అత్యవసరానికి వాడేది. "అన్నా, నోరు దెరువ్. గుంజు లోపటికి. ఆపు. మల్లొకసారి." నా వీపు నిమురుతూనే ఉన్నాడు. మెల్లగా గాలి తిరిగింది. నన్ను వెనక తలుపు నుంచి బయటికి తీసుకొచ్చి నీడలో కూర్చోబెట్టాడు.

"ఎప్పటిసంది గిది?"

చెప్పాను. వేరే దారి లేదు. గజ్వేల్ సంగతి, పంపు, వాంతులు, బంద్ చేయడం.

"బంద్ జేస్తే గిట్లనే అయితది. కడుపుల ఎందుకు తిప్పుతుంది? పుక్కిలించి ఉమ్ముతున్నవా?"

"మింగుతున్న."

"మింగుడేంది?"

"దుకాణంల ఉమ్మొద్దు గద."

వాడు నవ్వాడు. వెంటనే ఆపుకున్నాడు కానీ నవ్వాడు. "మింగితే కడుపులకే వోతది గదన్నా. నోట్ల మిగిలిందంత పుక్కిలించి ఉమ్మాలె. నాకు గూడ మొదట్ల గిట్లనే నాలుక పూసింది. డాక్టర్ తిట్టినంక బుద్ధొచ్చింది." తర్వాత ముఖం గట్టిపడింది. "మామ నాకు జెప్పిండు, దమ్మున్నోనికి దుకాణం వద్దని. గది నువ్వన్న మాటేనట. నేనేమంటలేను. కని మామకు నీ సంగతి జెప్పు. లేకుంటే ఒకనాడు గీ బస్తాల్లనే పడి పోతవ్."

అంటే బెదిరింపే కదా. మంచి మాటల్లో చుట్టి ఇచ్చిన బెదిరింపు.

నాకు ఏడుపు వచ్చింది. చావు తప్పినందుకు కాదు. నా ప్రాణం కూడా వాడి జేబులోంచే రావాలా?

మార్చి 13

పంపు మళ్ళీ మొదలుపెట్టాను. పెట్టెలో కాదు, చొక్కా జేబులోనే ఉంచుకుంటున్నాను. భయం పట్టుకుంది. పొద్దున స్నానాల గదిలో నల్లా గట్టిగా తిప్పి, గరగరా పుక్కిలించి ఉమ్మాను. సాయంత్రం కూడా ఇంటికి వచ్చి అదే పని చేశాను.

మార్చి 16

వాంతి లేదు. తేన్పు లేదు. అన్నం రుచి తెలుస్తోంది. వాడు చెప్పింది నిజమని రాయడానికి చేయి రావడం లేదు.

ప్రణీత్ మామకు ఇంకా చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో! నా చేతే చెప్పించి పెద్దమనిషి అనిపించుకోవాలని చూస్తున్నాడు. నిన్న ఆదివారం ఉష ఏమీ తినకుండా పొయ్యి దగ్గర నిలబడి అందరికీ వండింది. కళ్ళు తిరిగి గోడ పట్టుకుంది. చెబుదామనుకున్నాను. ఉగాది ఇంకెంతో దూరం లేదు కదా, తాళం చేతిలో పడ్డాక చెబుదామనుకున్నాను.

మార్చి 19

ఉగాది.

దుకాణానికి మామిడాకులు కట్టాం. కొత్త పంట బస్తా గల్లా ముందు పెట్టి పసుపు కుంకుమలు పెట్టారు. పళ్ళెంలో తాళం చెవి. అత్తమ్మ, ఉష, సాయిప్రియ పట్టుచీరల్లో. ప్రణీత్ గడప దగ్గరే నిలబడ్డాడు, దస్తీ కట్టుకుని, పంపు చేతిలో పట్టుకుని. దుకాణం నాకొస్తోందని తెలిసి కూడా వచ్చాడు. నేనైతే తలనొప్పి అని ఇంట్లో పడుకునేవాణ్ణి.

పచ్చడి తిన్నాక మామ తాళం చెవి తీసుకున్నాడు.

"మనిషన్నంక తప్పు జేస్తడు. గజేందర్ ఒట్టు వెట్టిండు, మాట మీద నిలవడ్డడు. తాగుడు ఇడిసిపెట్టుడు శానా కష్టం. గిసుంటోని చేతిలనే గల్లా ఉండాలె."

ప్రణీత్ చూస్తుండగా అన్నాడు. ఇన్నాళ్ళ నా మంట చల్లారింది. ఇంత సంతోషం నాకు పెళ్ళిలో కూడా లేదు. మామ కాళ్ళకు మొక్కుదామని వంగాను.

జేబులోంచి పంపు జారి గచ్చు మీద పడింది. దొర్లుకుంటూ పోయి మామ కాలికి తగిలి ఆగింది.

మామ తీసి చూశాడు.

"గిదెవరిది?"

"ప్రణీత్‌ది" అన్నాను.

ఆలోచించలేదు. నాలుకే అంది. అందరూ గడప వైపు చూశారు. ప్రణీత్ చేతిలో అదే రంగు పంపు, వాడిది, ఉంది. వాడు నన్ను చూశాడు, మామను చూశాడు, రెండో చేయి చాచాడు, ఆ పంపు కూడా తీసుకోవడానికి. తీసుకునేవాడే. నా అబద్ధాన్ని జేబులో వేసుకుని పోయేవాడే. అప్పుడు కూడా నాకు వాడి మీద మంటే వచ్చింది, ఈ మంచితనం కూడా నాకు మిగల్చవా అని.

"నీ చేతుల ఒకటున్నది గద ప్రణీత్" అంది ఉష. "మరి గిదెవరిది?"

 ఉష నా జేబు వైపు చూసింది. ఇక నేనే చెప్పాను. నిలబడి చెప్పలేక బస్తా మీద కూర్చుని చెప్పాను.

మామకు ముందు అర్థం కాలేదు. "అంటే తాగలేదా నువ్వు?"

"లేదు మామా."

"ఒక్కసారి గూడ?"

"లేదు."

"మరి మల్లన్న బండారి వట్టుకొని ఒట్టెందుకు వెట్టినవురా? నా బిడ్డ గిన్ని ఆయితారాలు ఉపాసమున్నది ఎవరి కోసం?"

  మామ తాళం చెవి పళ్ళెంలో పెట్టబోయాడు. ప్రణీత్ వైపు చూశాడు, చూసి తల దించుకున్నాడు. ఎవరైన సరే వద్దు అన్న మాట ఆయనకూ గుర్తుంది, ఆ మాట ఎవరు అనిపించారో కూడా గుర్తుంది.

అప్పుడు ఉష ముందుకొచ్చింది. కళ్ళలో నీళ్ళు లేవు.

"నాయినా, దమ్మున్నోళ్ళకు దుకాణం వద్దన్నవట. ఇద్దరల్లుళ్ళకు దమ్మే. నాకు లేదు. గీ బస్తాల నడుమనే ఆడుకున్న, గీడనే పెరిగిన. తాళం నాకియ్యి."

మామ ఆమెను ఎప్పుడూ చూడనట్టు చూశాడు. తర్వాత అత్తమ్మను చూశాడు.

"ఇయ్యి మరి. నా దిక్కేం జూస్తున్నవ్?" అంది అత్తమ్మ.

మార్చి 20

ఉష ఇంట్లో మామూలుగానే ఉంది. అన్నం పెట్టింది. నేను తింటుంటే ఒకే మాట అంది.

"బజార్ల ఆడోళ్ళు నన్ను జూసి జాలివడ్డరు బావా, మొగడు తాగుబోతని. నువ్వు జూస్తనే ఉన్నవ్. నీకు గదే నయమనిపించింది."

కాదని అనడానికి నోరు తెరిచాను. తిరిగి అన్నం ముద్ద పెట్టుకున్నాను.

మార్చి 21

అత్తమ్మ రెండు గ్లాసుల గోరువెచ్చని నీళ్ళు తెచ్చింది. ముందు ప్రణీత్‌కిచ్చింది.

మార్చి 25

ఉషకు అన్నం గిన్నె తీసుకుని దుకాణానికి పోయాను. ఇంట్లో ఉండి చేసేదేముంది. ఆమె గల్లా మీద కూర్చుంది, చెంగు నడుముకు దోపుకుని. కంప్యూటర్ పక్కకు జరిపి నోటితోనే లెక్క చెబుతోంది, నాకన్నా వేగంగా. ఎదురుగా బాలమణి, ఇంకా నలుగురు ఆడవాళ్ళు. దుకాణంలో ఇంతమంది ఆడవాళ్ళను నేను ఎప్పుడూ చూడలేదు. మామ ఒక మూల స్టూలు మీద కూర్చుని చూస్తున్నాడు, ప్రణీత్‌ను చూసినట్టు కాదు, నన్ను చూసినట్టు అసలే కాదు.

ప్రణీత్ మీద ఏడ్చినన్నాళ్ళూ ఎవరి మీద ఏడవాలో నాకు స్పష్టంగా తెలిసేది. గల్లా మీద ఉన్నది నా భార్య. కుళ్ళుకోవడానికి కూడా వీల్లేదు. అయినా ఛాతీలో కాకుండా ఇంకాస్త కింద ఎక్కడో మండింది. మందు వాడుతున్నాను, సరిగ్గానే ఉమ్ముతున్నాను, ఇది మందుది కాదు.

గిన్నె పెట్టి, ఎప్పుడూ కూర్చునే చోట, బస్తా పక్కన కూర్చోబోయాను.

"బావా, గీడ కూసోకు. దుమ్ము లేస్తది, నీకు వడది. ఇంటికి వో" అంది ఉష, గొంతు తగ్గించకుండా, అందరి ముందే.

"అయ్యో, అన్నకు దమ్మా? నేనింకేందో అనుకుంటి!" అంది బాలమణి, నిజంగానే బాధపడుతూ. పక్కామె లేచి నాకు దారి ఇచ్చింది.

బయటికి వచ్చాను. వెనక ఉష గిరాకీతో బేరమాడుతోంది, గంత తక్కువకు ఇయ్య, తీస్కుంటే తీస్కో, లేకుంటే వో అని. మలుపు తిరిగేదాకా ఆ గొంతు వినబడుతూనే ఉంది. ఎక్కడా ఊపిరి కోసం ఆగలేదు.